అత్త నా చేత రాయించిన కాగితం

మా మావ కిడ్నీ జబ్బుతో పోయిన మరుసటి ఏడాది, జీడిపిక్కలు రాలే రోజుల్లో, మా అత్త నన్ను పెరట్లోకి పిలిచింది. అప్పటికే ఆమె కాళ్లు వాచి రెండు నెలలు. కాశీబుగ్గలో రక్తపరీక్ష చేయించాం. ఇంటింటా కిడ్నీ జబ్బే ఉన్న మా ఉద్దానం ఊళ్లలో ఆ చీటీలో ఏముంటుందో చదవకముందే తెలిసిపోయేది.

"అమ్మీ, నువ్వు సదువుకున్నావు. నాను సెప్పింది రాత్తావా?" అంది.

తోట సంగతేదో అనుకుని పెన్ను తెచ్చుకున్నాను.

"నాకు తెలివి తప్పిపోతే ఇశాపట్నం తీసికెళ్లొద్దు. మిషనుకి కట్టొద్దు. ఇంట్లోనే ఉంచండి. అంతే, రాయి."

నా చెయ్యి ఆగిపోయింది. మావని డయాలసిస్ కోసం ఆర్నెల్లు పలాస నుంచి రైల్లో విశాఖపట్నం తిప్పాం. ఆఖరి వారం గొట్టాలు పీక్కుంటున్నాడని చేతులు మంచానికి కట్టారు. అత్త అద్దం తలుపు ఇవతల నిలబడి చూసింది. ఆ తలుపు తెరిచేసరికి ఆయన లేడు.

"మీ అబ్బాయి చేత రాయించు అత్తా," అన్నాను.

"ఆడు రాయలేడు. ఏడుత్తాడు."

రాశాను. మా చంటిదాని కాటుక బొటనవేలికి పూసుకుని అడుగున ముద్ర వేసింది. ఆ కాగితం నా ట్రంకుపెట్టెలో, చీర మడతలో పెట్టి తాళం వేశాను. అప్పుడే భయం పట్టుకుంది నాకు.

టెక్కలి వెళ్లినప్పుడు రిజిస్ట్రాఫీసు బయట కూర్చునే దస్తావేజుల లేఖరిని, ఇలాంటి కాగితం చెల్లుతుందా అని, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. ఆయన కళ్లద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆస్తికి వీలునామా రాత్తాం గానీ సావుకి రాయమమ్మా. అది ఎక్కడా సెల్లదు. రేపు ముసలామె పోతే కోడలే సంపీసిందంటారు."

కోడలినని నేను చెప్పనే లేదు. ఇంటికొచ్చి కాగితం చింపేద్దామని పెట్టె తెరిచాను. చింపలేకపోయాను. మా ఆయనకి చెప్పనూ లేదు. రోజూ పొద్దున్నే అత్త మొహం చూసేదాన్ని, వాపు పెరిగిందా అని. ఆమె "అమ్మీ" అని పిలిస్తే చాలు, చేతిలో పని వదిలేసి పరిగెత్తేదాన్ని.

వానలు పట్టాక ఒక పొద్దున్న ఆమెకి ఆయాసం ఎక్కువైంది. నన్ను చూసి, "ఎవులే నువ్వు?" అంది. మా ఆయన జీపు కోసం పరిగెత్తాడు. పెట్టె తాళంచెవి నా బొడ్లోనే ఉంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. "కోడలేటి అలా నిలబడిపోనాది, కాళ్లు పట్టు!" అని పక్కింటావిడ అరిచింది. పట్టాను. జీపులోకి ఎక్కించింది నా చేతులే.

విశాఖపట్నంలో మెడ దగ్గర గొట్టం వేసి మిషనుకి కట్టారు. మూడో రోజుకి తెలివొచ్చింది. గొట్టం తడుముకుంది. నా వైపు చూసింది. తిట్టలేదు. మొహం గోడవైపు తిప్పుకుంది.

ఇంక ఆగలేకపోయాను. వరండాలో మా ఆయనకి అంతా చెప్పేశాను.

"ఎప్పుడు రాసినావు?"

"ఎండాకాలంలో."

"ఇన్నాళ్లూ దాసీసినావా!" అని చెయ్యెత్తాడు. కొడతాడనుకున్నాను. ఆ చేత్తోనే మొహం కప్పుకుని కూలబడ్డాడు. కాసేపటికి లేచి లోపలికెళ్లాడు.

"అమ్మా, నిజమేనా?"

"నిజమే బాబూ. మీ నాన్నని ఎవులూ అడగలేదు. నన్ను అడిగినావు కదా. ఇంటికి తీసికెళ్లిపో."

డాక్టరు ఆమెనే రెండుసార్లు అడిగాడు. మిషను ఆపితే ఎక్కువ రోజులు బతకరని చెప్పాడు. "తెలుసు," అంది. ఇంటికి తీసికెళ్తామన్న కాగితం మీద మా ఆయన సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చాక తొమ్మిది రోజులుంది. మొదట్లో చంటిదాన్ని పక్కలో పడుకోబెట్టుకుని కబుర్లు చెప్పింది. నిద్రలో పోయినట్టు పోతుందని నేను అనుకున్నాను. అలా జరగలేదు. ఆఖరి రోజు మధ్యాహ్నం ఆమె ఊపిరి ఎగబీలుస్తుంటే వీధిలోకి వినిపించింది. మా ఆయన చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్లాడు, వెనక్కొచ్చాడు, మళ్లీ వెళ్లాడు.

"తీసికెళ్లిపోదామా?" అని నన్ను అడిగాడు.

తప్పు చేశామేమో, ఇంకా వేళ మించలేదేమో అని అత్త వైపు చూశాను. అత్త కళ్లు తెరిచే ఉన్నాయి. చెయ్యి కొంచెం ఊపింది. వద్దని ఊపిందో, బాధకి ఊపిందో నాకు ఇప్పటికీ తెలీదు. మా ఆయన మాత్రం చెప్పులు విడిచి, ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాడు. పొద్దు వాలకముందే పోయింది.

పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర చుట్టాల్లో ఒక పెద్దాయన అందరూ వినేలా అడిగాడు. "ఆస్పత్రి నుంచి ఎవులు తెచ్చీమన్నారు? కోడలా?"

నేను పప్పు వడ్డిస్తున్నాను.

"మాయమ్మే అంది మావా. నానే తెచ్చినాను," అన్నాడు మా ఆయన, విస్తట్లోంచి తలెత్తకుండా.

తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. మా ఆయన నాతో మామూలుగా మాట్లాడటానికి ఇంకో నెల పట్టింది.