గుమ్మడికాయ కోసిన మగాడు

నేను కాపురానికొచ్చిన కొత్తలో మా వీధిలో గుమ్మడికాయ ఏ ఒక్క ఇంటిదీ కాదు. గింజ ఒకరిది, పాదు ఒకరిది, తీగ పాకేది ఇంకొకరి పాక మీదికి. కాయ కోస్తే పన్నెండు ఇళ్లకూ తలో ముక్క వెళ్లాలి, మొదటి ముక్క గింజ ఇచ్చిన ఇంటికి. అంత కాయని ఒక ఇంట్లోనే ఎన్నాళ్లు తింటాం, కుళ్లి పెంటలో పడేకంటే పది నోళ్లలో పడితే నయం కదా. అంతా బాగానే ఉండేది, ఒక్క మెలిక తప్ప. కాయకి మొదటి కత్తివేటు మగాడే వెయ్యాలి. ఆడది వేస్తే మొగుడికి కీడు. (ఈ మాట ఎవరు పుట్టించారో తెలీదు. మగాడే అయ్యుంటాడు, వంటింట్లో తమకీ ఒక పని ఉండాలని.)

ఆ ఏడు మా అత్త తన కూతురి పురిటికని ఎచ్చెర్ల వైపు పల్లెకి వెళ్తూ, అటక మీది కాయ చూపించి, కొడుకు రాగానే కోయించమని, గింజ ఇచ్చిన పక్కింటి మామ్మకి ముందు పెట్టమని, గింజలు బూడిద రాసి ఆరబెట్టమని పదిసార్లు చెప్పింది. మా ఆయనకి గరివిడిలో పని. ఆ వారం అక్కడే ఉండిపోయారు. నాలుగో రోజుకి కాయ అడుగు మెత్తబడింది. ఐదో రోజుకి వాసన మొదలైంది. వీధిలో మగాళ్లని పిలుద్దామంటే కొత్త కోడలిని, నోరు పెగల్లేదు. వదిలేస్తే వీధి మొత్తం తినాల్సింది పోతుంది, పై ఏటికి గింజా పోతుంది. కోస్తే మొగుడు పోతాడు. పంతొమ్మిదేళ్ల పిల్లని, ఎటు తేల్చుకోను?

చివరికి ఆయన చొక్కా తొడుక్కుని, లుంగీ కట్టుకుని, నెత్తికి తువ్వాలు చుట్టుకున్నాను. కాయ నన్ను చూసి మగాడనుకోవాలి. (దానికి కళ్లు లేవన్న సంగతి అప్పుడు తట్టలేదు.) మిట్టమధ్యాహ్నం పెరట్లో నిలబడి, అరసవల్లి గుడి ఎటో తెలీక నాలుగు దిక్కులకీ దండం పెట్టి, కత్తి వేశాను. తరువాత చీర కట్టుకుని, మెత్తబడిన అడుగు తీసేసి ముక్కలు పంచాను. ఎవరు కోశారని అడిగినవాళ్లకి, ఆయనే, వచ్చి వెంటనే వెళ్లారని చెప్పాను. అన్ని ఇళ్లలోనూ ఆ పూట పులుసే. మామ్మ మాత్రం ముక్క అందుకుని నన్ను ఎగాదిగా చూసింది.

మూడో రోజు సాయంత్రం అత్తా, ఆయనా ఒకేసారి దిగారు. వాళ్లు కాళ్లు కడుక్కోకముందే మామ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది. గోడ మీంచి తను చూసిందంతా మా అత్తకి చెప్పింది.

"లుంగీ కట్టినాడు, నెత్తిన తువ్వాలు. మీ గుంటడు కాదు, పొట్టోడు."

అత్త కొడుకు వైపు తిరిగి, కాయ కోసింది నువ్వేనా అని అడిగింది. ఏ కాయ, అన్నారాయన. ఇక అందరూ నన్నే చూశారు. కోసింది నేనంటే మొగుడి చావు కోరినదాన్ని. కాదంటే ఆ పొట్టోడు ఎవడో చెప్పాలి, చెప్పలేకపోతే ఆ రాత్రికే పుట్టింటికి. ఏడుస్తూ నిజం చెప్పేశాను.

"నానే అత్తా. ఆయన సొక్కా ఏసుకుని కోసినాను."

ఒక్కరూ నమ్మలేదు. "ఏదీ, ఏసుకుని రా," అంది అత్త. వేసుకొచ్చి పెరట్లో నిలబడ్డాను. మామ్మ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను అటూ ఇటూ నడిపించింది, కత్తి ఎత్తమంది, వెనక్కి తిరగమంది. అప్పుడు తీర్పు చెప్పింది.

"ఆడే, ఆ పొట్టోడే. ఆ ఒంకర నడక నానెరగనా?"

ముందు నవ్వింది మా ఆయనే. పొట్ట పట్టుకుని నేల మీద కూలబడ్డారు. అత్త నవ్వలేదు. కొడుకు నుదుటి మీద చెయ్యి వేసి ఒళ్లు కాలుతోందేమో చూసింది. ఆ తరువాత నెల్లాళ్లు ప్రతి పూటా చూసింది.

ఆయన ఇంకో ఇరవయ్యారేళ్లు బతికారు. గుండె ఆగి పోయిన రోజున అత్త నా మొహంలోకి ఒక్కసారి చూసింది. ఆ మాట మాత్రం అనలేదు. అనుంటే బాగుండేది, తిట్టుకోడానికైనా ఒకళ్లు దొరికేవారు.

ఇప్పుడు మా వీధి మగాళ్లలో సగం మంది పనులకి వేరే రాష్ట్రాల్లో ఉన్నారు. పాదులు మాత్రం ఎప్పట్లాగే పాకుతున్నాయి. మామ్మ మనవడి పెళ్లాం ఓ రోజు చంకలో కాయతో వచ్చి, "పిన్నీ, నువ్వు కొయ్యవా, నీకైతే..." అని నాలుక కరుచుకుంది.

"నాకైతే పోడానికి ఎవుడూ లేడు, అంతేకదే? ఇటివ్వు," అన్నాను.

అప్పట్నుంచి వీధిలో కాయలన్నీ నా దగ్గరికే. కోసిన ప్రతిదాన్లోనూ నాకో ముక్క పెట్టి వెళ్తారు. ఒంటిదాన్ని, ఎంతని తింటాను? విసుగొచ్చి, వండి మళ్లీ వాళ్ల ఇళ్లకే పంపుతాను. భుజాలు లాగుతాయి, అయినా కాదనలేను. ఆ పిల్ల మాత్రం, కత్తి నా చేతిలోనే ఉన్నా, తలుపు వెనక కళ్లు మూసుకుని నిలబడుతుంది. వేటు పడగానే ఫోను తీసి మొగుడికి కొడుతుంది. అటునుంచి హలో వినిపించేదాకా ముక్క ముట్టుకోదు. నేను కత్తి కడుక్కుంటూ, ఆ రోజు నా చేతిలోనూ ఫోనుంటే గరివిడికి ఎన్నిసార్లు కొట్టేదాన్నో అనుకుంటాను. నవ్వొస్తుంది.