పెన్నుతో కొట్టేసిన పాఠాలు

దిల్‌సుఖ్‌నగర్‌లోని మా స్కూల్లో పదో తరగతికి రెండు సెక్షన్లు. లెక్కలు బాగా వచ్చేవాళ్లు ఎ, పాసైతే చాలనుకునేవాళ్లు బి. రెండింటికీ లెక్కల టీచర్ని నేనే. బడి తెరవగానే బి సెక్షన్ పిల్లల చేత కష్టమైన పాఠాలు పుస్తకంలో కొట్టేయిస్తాను. వాళ్లకు అవి చెప్పం.

మొన్న రెండు సెక్షన్లకూ చెప్పిన పాఠాల మీద ఒకే పేపరు ఇస్తే, బి సెక్షన్ స్వప్న అందరినీ దాటేసింది. సంగతి నిన్ననే చెప్పి, ఈ రోజు తనను ఎ సెక్షన్‌కు మార్చాం. రెండు జడలకూ కొత్త రిబ్బన్లు కట్టుకుని హయత్‌నగర్ నుంచి అందరికంటే ముందే వచ్చి, మొదటి బెంచీలో కూర్చుంది.

త్రికోణమితి తీయమన్నాను. పుస్తకం తెరిచి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దగ్గరికెళ్లి చూస్తే పేజీల నిండా అడ్డగీతలు, వాటి మీద రబ్బరుతో రుద్దిన మరకలు. ఒకచోట కాగితం చిరిగింది.

"ఏంటమ్మా ఇది?"

"నిన్నటి సంది తుడుస్తున్న మేడం, పోతలేవు. మీరే పెన్నుతోని కొట్టెయ్యమన్నరు గద," అంది, తప్పు తనదే అయినట్టు.

నా పుస్తకం తనకిచ్చి, తన పుస్తకం పట్టుకుని పాఠం చెప్పాను. గీతల కింద అక్షరాలు సరిగ్గా కనబడలేదు.

బి సెక్షన్‌లో మిగతా పుస్తకాలన్నీ ఇలాగే ఉన్నాయి. కనీసం పెన్సిల్‌తో కొట్టేయమనాలని ఇన్నేళ్లలో నాకెందుకు తోచలేదో, ఇక్కడ టీచర్లెవరైనా ఉంటే చెప్పండి.