దగ్గరికి జరిపిన పుస్తకం

2004 వేసవిలో కొడుకు అన్నప్రాసనకు సూర్యకళ బెంగళూరు నుంచి రావులపాలెంలోని అత్తవారింటికి వచ్చింది. యుద్ధవిమానాల పైలట్లు నేలమీదే కూర్చుని పోరు నేర్చుకునే సిమ్యులేటర్‌లో, తనంతట తానే ఎత్తు వేసి ఎదురు తిరిగే శత్రువిమానానికి ప్రోగ్రాం రాయడం ఆమె ఉద్యోగం. దాని చేతిలో కుర్రాళ్లంతా ఓడిపోతున్నారని, కాస్త మెతక చేయమని పైఅధికారి చెప్పాడు. ఆమె చేసింది. అందరూ గెలిచారు. పైవారం నుంచి వాళ్లు నిజమైన విమానాల్లో పోరు నేర్చుకుంటారు. మెతక చేసిన రోజు నుంచి ఆమె మనసు మొద్దుబారింది. పిల్లాడు ఏడ్చినా, నవ్వినా ఒకేలా ఎత్తుకుంటోంది.

వాడికి పాయసం నాకించాక చాప మీద పుస్తకం, కలం, బంగారు గొలుసు, కత్తి పెట్టారు. ఏది పట్టుకుంటే ఆ దారిన పోతాడని నమ్మకం. వాడు కత్తివైపు పాకాడు. అత్తగారు మాణిక్యాంబ చటుక్కున కత్తిని వెనక్కి లాగి, పుస్తకాన్ని వాడి చేతి దగ్గరికి జరిపింది.

"చూశారా, పుస్తకమే పట్టాడు. అచ్చం తాతే," అంది చుట్టాలతో.

"మీరే జరిపారు కదండీ అత్తయ్యగారూ," అంది సూర్యకళ.

"అందరం జరుపుతామే. నీ మొగుడికీ నేనే జరిపాను. పదో క్లాసు రెండుసార్లు రాశాడు."

చుట్టాలు నవ్వారు. సూర్యకళకు నవ్వు రాలేదు. పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్లి, వసారాలో ఉన్న ఫోన్లో అధికారికి చెప్పింది.

"సార్, శత్రువుని మళ్లీ పాతలాగే పెడతానండి. దాన్ని గెలిచాకే వాళ్లని విమానం ఎక్కనివ్వండి."

ఆమె గొంతులో భయమూ లేదు, ధైర్యమూ లేదు. చంకలో పిల్లాడు పుస్తకం అట్ట చప్పరిస్తున్నాడు.