ఆరని బిళ్ల మీద సాక

గోదావరిఖనిలో మెకానిక్ షెడ్ల ముందు నుంచి వెళ్తుంటే, కాలిన ఇనుమును నూనెలో ముంచిన కమురు వాసన ఇప్పటికీ నన్ను ఆపేస్తుంది, దాని వెంటే వేయించిన మక్కజొన్నల వాసన గుర్తుకొస్తుంది.

వానలు వెనకపట్టి, తంగేడు పూసి, వాకిళ్ల మీద పడ్డ బొగ్గుపొడిని ఊడ్చి ఊడ్చి ఆడవాళ్లు విసిగిపోయే వేళకు, బతుకమ్మ సత్తుపిండి కోసం మక్కలు, పెసర్లు, బియ్యం దోరగా వేయించి తెచ్చిన గిన్నెలు మా బాపమ్మ పిండి గిర్ని ముందు బారులు తీరేవి. ఆమె పిండిని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, నున్నగా ఉంటేనే గిన్నె ఇచ్చేది.

గిర్నిలో గింజను నలిపేవి రెండు పోత ఇనుప బిళ్లలు. అవి ఏడాది తిరక్కుండానే అరిగి, పిండి రవ్వరవ్వగా పడేది. కొత్త బిళ్లలు ఇంటికి రాగానే బాపమ్మ బెల్లం నీళ్లలో పసుపు, వేపాకు వేసి, పోచమ్మను తలుచుకుని వాటి మీద సాక పోసేది.

ఒక ఏడు మా బాపు, బొగ్గు బాయి వర్క్‌షాపులో ఫిట్టరు, బిళ్ల ముఖాన్ని గట్టిపరిచే పని కొత్తగా నేర్చుకున్నాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, బాపమ్మ గుడి నుంచి వచ్చేలోపే బిళ్లను గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మెల్లగా చల్లారాలని వేడి బూడిదలో కప్పి, స్నానానికి వెళ్లాడు.

“సాక లేకుండనే నిప్పుల పెట్టిండా!” అంటూ బాపమ్మ కంగారుగా బూడిద తోసి, చెంబెడు సాక పోసింది. టప్‌మని బిళ్ల రెండు ముక్కలైంది.

“పండుగంత ఆగం చేసినవ్ అవ్వా! ఇగ గిర్నిల అడుగు పెట్టకు!” అని బాపు గిన్నెలతో వచ్చినవాళ్లందరి ముందూ అరిచాడు.

బాపమ్మ చెంబు కింద పెట్టింది. “సరే కొడుకా. ఇగ పెట్ట.”

పెట్టలేదు. మరుసటి ఏడు బాపు పిలిస్తే ఒళ్లు బాగలేదంది. ఆ తరువాత ఏడు మోకాళ్లంది. పిండి నలిపి చూసే మనిషి లేక గిర్ని బోసిపోయింది. బాపు ఆ మాట అనకుండా ఉండాల్సిందని నాకు ఇప్పటికీ బాధే.

ఇప్పుడా వీధి ఓపెన్‌కాస్టు గని కింద పోయింది. గిర్ని లేదు, సత్తుపిండి పొట్లాల్లో దొరుకుతోంది. బాపమ్మ చనిపోయిన ఏడు బాపు చేసిన పని మాత్రం నా కళ్ల ముందే ఉంది. కొత్త బిళ్లలు తెచ్చి, మంట ముట్టించక ముందే తానే సాక కలిపి పోశాడు. ఎండలో పెట్టి, తడి పూర్తిగా ఆరాక కాల్చాడు.

బిళ్లకు ఏమీ కాలేదు.