ఒక్కరికి సరిపోయే గిన్నె

వరంగల్ స్టేషన్‌కి సాయంత్రం ఏడున్నరకు రావలసిన అహ్మదాబాద్ బండి ఎనిమిదింబావుకి వచ్చింది. నా ఎదుటి సీట్లో విజయవాడలో ఎక్కిన బట్టల వ్యాపారి ఒకాయన. ఎక్కడిదాకా అని అడిగితే సూరత్ దాకా, గిన్నెలు కొనాలి అన్నాను.

"సూరత్‌కి అందరూ చీరలకి పోతారండీ. గిన్నెలు వరంగల్లో దొరకవా?" అన్నాడు.

దొరుకుతాయి. కాని వాటిని మోయవలసిన మనిషి సూరత్‌లో ఉంది.

ఆ మనిషి మా భాగ్యక్క. పెళ్ళయి సూరత్‌లోని లింబాయత్ పేటకి వెళ్ళి ఇరవై ఏళ్ళు దాటింది. నర్సయ్య బావ మరమగ్గాల మీద రాత్రిపాళీ పనిచేస్తాడు, అక్క ఇంట్లో కండెలు చుడుతుంది. వాళ్ళ గల్లీ నుంచి ఏటా చైత్రంలో తొమ్మిదిమంది ఆడవాళ్ళు మహారాష్ట్రలోని వణీ కొండమీది దేవి దగ్గరికి కాలినడకన పోతారు. ఎనిమిది రోజుల దారి. చెట్ల కింద మూడు రాళ్ళు పెట్టుకుని వంట. ఎవరి మూట వాళ్ళది, ఎవరి వంట వాళ్ళది. వెనకబడిన మనిషిని దగ్గర్లో ఉన్న ఊళ్ళో బస్సెక్కించి ఇంటికి పంపేస్తారు. నిరుడు అక్కని మూడోరోజున వ్యారా అనే ఊళ్ళో బస్సెక్కించారు. పెళ్ళికి పెట్టిన ఇత్తడి గిన్నెలు మోసుకుపోయింది మరి! గల్లీ అంతా నవ్విందట. ఈసారీ అలాగే అయితే ఇక ముందెన్నడూ రానిచ్చేది లేదని వాళ్ళ పెద్ద, కమల్‌బాయి అనే మరాఠీ ఆవిడ, తేల్చి చెప్పేసింది.

"బయట వండుకునే గిన్నెలు నీకు ఎరికే గదా తమ్మీ, జర వచ్చిపో" అని అక్క ఉత్తరం రాయించింది. నేను హన్మకొండలో లెక్కల మాస్టర్ని, పద్దెనిమిదేళ్ళుగా స్కౌట్ మాస్టర్ని కూడా. ఉత్తరం చూసి పొంగిపోయానని ఒప్పుకుంటాను. పరీక్షలు అయిపోగానే టికెట్టు కొన్నాను.

పొద్దున భుసావల్‌లో చాయ్, అరటిపళ్ళు. అక్కడినుంచి ఒంటి లైను, అడుగడుగునా ఎదురుబండి కోసం ఆగడం. రెండింటికి చేరాల్సింది మూడుంబావు అయింది. స్టేషన్ బయట షేర్ ఆటోలో నేను ఆరోవాణ్ణి. లింబాయత్ గల్లీలో మగ్గాల చప్పుడుకి అక్క ఏమడిగిందో వినపడక రెండుసార్లు తలూపితే రెండుసార్లు అన్నం పెట్టింది.

"ఏం స్కౌటు సారూ, గింత దూరం గిన్నెల కొరకే వచ్చినవా?" అన్నాడు బావ. "మీ అక్క ఏ గిన్నె పట్టినా వ్యారా దాటదు."

అక్క ముఖం చిన్నబోయింది.

శనివారం పదిగంటలకి చౌక్ బజార్ వైపు వెళ్ళాం. ప్లేగు పోయి రెండేళ్ళయింది. వీధులు అద్దంలా ఉన్నాయని బావ గొప్పగా చూపించాడు. గిన్నెల దుకాణంలో శేఠ్ గద్దె మీద, పక్కనే తక్కెడ. స్టీలు కిలోల లెక్క. నేను దర్జాగా నా హిందీ తీసి, "చాయ్ కే లియే ఏక్ లోటా దిఖావో" అన్నాను. శేఠ్ నన్ను ఎగాదిగా చూశాడు. "చాయ్? లోటామే?" దుకాణంలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా నవ్వారు.

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. "తమ్మీ, ఈడ లోటా అంటే పొద్దుగాల బయటికి పట్టుకపోయేది. గిలాస అను."

పద్దెనిమిదేళ్ళ అనుభవం అక్కడికక్కడే సగమైంది.

మిగతా సగంతోనే వెతకడం మొదలుపెట్టాను. ఇటువంటి సామాను కొనేవాళ్ళకి పనికొస్తుంది కాబట్టి చెబుతున్నాను. గ్లాసు అంచు మడిచి ఉండాలి, కోసినట్టున్న అంచు వేడి టీకి పెదవిని కాలుస్తుంది. గిన్నెకి పొడుగు కాడ వద్దు, మూటలో ఇమడదు. చెవులు చాలు, పట్టకారు ఒకటి ఉంటే పని జరుగుతుంది. మూత తిరగేస్తే పళ్ళెం కావాలి, గ్లాసు గిన్నెలో దూరాలి. సత్తుగిన్నె తేలికే గాని మరీ పల్చనిది తీసుకోకండి, మధ్యలో మాడుతుంది, పైన బియ్యం బియ్యంగానే ఉంటుంది. పొయ్యి మీద పెట్టేముందు అడుగున తడిమట్టి పూస్తే మసి తేలిగ్గా పోతుంది.

అక్క పద్ధతి వేరు. గోటితో కొట్టి చూసి, చేత్తో తూచి, తేలికైనదల్లా పక్కన పెట్టేస్తోంది. "గిది రేకు. బరువుంటెనే సామాను." ఇంటికి కొనేటప్పుడు నిజమే. నెత్తిన మోసేటప్పుడు తలకిందులు. ఈ ముక్క అరగంట చెప్పగా చెప్పగా ఒప్పుకుంది. కాని సైజు దగ్గర మొండికేసింది. గుజరాతీలో చిన్నది తపేలీ, పెద్దది తపేలూ, మన తపేలాకి చుట్టాలే. నేను తపేలీ పట్టుకుంటే తను తపేలూ పట్టుకుంది.

"ఎంతమందికి అక్కా?"

"నాకే."

"దాంట్లో పదిమందికి వండొచ్చు."

"ఒక్కదానికి వండుడు నాకు రాదు తమ్మీ. ఎన్నడన్న వండిన్నా? పుట్టింట్ల ఎనమండుగురం, ఈడ ఏడుగురం."

అప్పుడు అనుమానమొచ్చి అడిగాను. "నిరుడు అందరికీ నువ్వే వండినవా?"

"వాళ్ళు అలసిపోయి కూసుంటరు. పక్కపొంటి మనిషి ఉట్టిగ కూసుంటే నాకు ముద్దెట్ల దిగుతది?"

అదీ సంగతి. అందరూ తిని నడుం వాలిస్తే ఈవిడ గిన్నెలు తోముకుంటూ కూర్చుంది. తెల్లారి అందరూ నడిస్తే ఈవిడకి కాళ్ళు సాగలేదు. ఇత్తడి మీద నింద వేసి నవ్వుకున్నాం అందరం. మందపాటి చిన్న సత్తు తపేలీ, స్టీలు గ్లాసు నేనే కొనేశాను.

ఆదివారం బావకి సెలవు. పరీక్ష పెట్టి చూద్దామని ముగ్గురం సిటీబస్సులో డుమస్ సముద్రపొడ్డుకి వెళ్ళాం. సరుగుడు చెట్ల కింద నల్ల ఇసుకలో మూడు రాళ్ళు పెట్టాం. గాలికి మంట పక్కకి పోతుంటే నేను తువ్వాలు అడ్డం పట్టుకుని నిలబడ్డాను. రెండు పిడికిళ్ళ బియ్యం, పిడికెడు పెసరపప్పు. ఇరవై నిమిషాల్లో కిచిడీ అయింది, ఎక్కడా మాడలేదు. నేను గర్వంగా బావ వైపు చూశాను. అక్క రెండు ఆకుల్లో వడ్డించింది. మేం తిన్నాం. బాగుంది.

ఆకు మడిచాక చూస్తే అక్క గరిటెకి అంటింది గీరుకుంటోంది.

"మరి నీకేది?" అన్నాడు బావ.

"నాకు ఆకలి లేదు."

నాకు సిగ్గేసింది. పరీక్ష ఆమెది, కిచిడీ ఆమెది, తిన్నది మేం. అడగాలన్న ధ్యాస కూడా మా ఇద్దరికీ లేకపోయింది. బావ లేచి వెళ్ళి టమాటా భజియాలు రెండు పొట్లాలు కట్టించుకొచ్చాడు.

"ఇవి మా ఇద్దరికి. నువ్వు మల్ల వండు. నీకొక్కదానికే."

అక్క వండింది. తినడానికి మాత్రం అటు తిరిగి కూర్చుంది. "అట్ల సూడకుర్రి, నాకు దిగుతలేదు" అంది. మేం భజియాలు పట్టుకుని చెట్లలోకి వెళ్ళిపోయాం. తిరిగొచ్చేసరికి గిన్నెలో సగం మిగిలి ఉంది. "మీ కొరకే ఉంచిన" అంది. బావ తల పట్టుకున్నాడు.

బుధవారం తెల్లవారుజామున తొమ్మిదిమందీ బయలుదేరారు. సందు మొగదాకా వెళ్ళి సాగనంపాం. మూట తేలిగ్గానే ఉంది. మనిషిని నమ్మడానికే నాకు ధైర్యం చాలలేదు. మర్నాడంతా తలుపు దగ్గర నీడ కదిలినప్పుడల్లా బావ గుమ్మంలోకి వచ్చి చూసి వెళ్ళాడు.

శుక్రవారం పదిన్నరకి సూరత్‌లో నా తిరుగుబండి. ఆ రైలు దారి వ్యారా మీదుగానే పోతుంది. అక్కడ ఆగదు గాని ఎదురుబండి కోసం పన్నెండింటికి ఊరి రైల్వేగేటు దగ్గర ఆపేశారు. నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. గేటు పక్కన వేపచెట్టు నీడలో ఆడవాళ్ళు, ఆరిన పొయ్యిరాళ్ళు. లెక్కపెట్టాను. తొమ్మిదిమంది!

"అక్కా!" అని అరిచాను. కట్ట ఎక్కి పరుగున వచ్చింది, చేతిలో తపేలీ.

ఈసారి అందరికన్నా ముందు నడుస్తున్నది అక్కేనని వెనకనుంచి కమల్‌బాయి కేకేసింది. "మాస్టర్‌జీ, ఇస్ బార్ సబ్‌సే ఆగే యహీ చల్తీ హై!"

"ఏం వండుకున్నవ్?"

"కిచిడీ."

"నాకేమన్న ఉన్నదా?" నవ్వులాటకే అడిగాను.

అక్క తపేలీ నా వైపు వంచి చూపించింది. అడుగంటా నాకేసినట్టుంది. "లేదు తమ్మీ. ఒక్కదానికే వండుకున్న. నువ్వు బండ్ల ఏమన్న కొనుక్కో."

ఎదురుబండి దూసుకుపోయింది. మాది కదిలింది. అక్క చెయ్యూపి, గిన్నె మూటలో దోపుకుని, నా బండి ఇంకా కనబడుతుండగానే రోడ్డెక్కేసింది.

పుట్టి బుద్ధెరిగాక మా అక్క నాకు తిండి లేదనడం అదే మొదలు. నందుర్బార్‌లో పూరీ, ఆలుకూర కొన్నాను. పూరీలు చల్లారిపోయాయి, కూరలో ఉప్పు లేదు. కడుపునిండా తిన్నాను.