పోపుగారి ప్రియురాలి కోసం మా అమ్మ ఉపవాసం

ఎనభైల్లో అమెరికాలో మా అరోరా ఊరి తెలుగు చర్చికి ఒక ఆంటీ వచ్చేది. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న చరిత్ర పుస్తకాల్లోని మనుషుల కోసం కూడా పక్కింటివాళ్ల కోసం బెంగపడ్డట్టే బెంగపడేది.

ఓ ఆదివారం ప్రేయర్ రిక్వెస్టులు అడిగితే లేచి, "రోములో ఒక గొప్పింటి పిల్లండీ. మొగుడుండగానే ఓ పెద్ద ఫాదర్‌గారు చేరదీశాడు," అని కళ్లొత్తుకుంది.

మూడు వారాలు చర్చంతా మోకాళ్ల మీద ఏడ్చింది. మా అమ్మయితే ఉపవాసాలే ఉంది.

నాలుగో వారం ఆంటీ వెలిగిపోతూ వచ్చింది. "స్తోత్రం! పిల్ల బయటపడింది. మళ్లీ పెళ్లి కూడా చేసుకుంది!"

అందరం హల్లెలూయా అన్నాం. పాస్టర్‌గారు ఉత్తరం రాద్దామని అడ్రస్ అడిగారు.

"అడ్రసేంటండీ? ఆ పోపూ ఈ పిల్లా పోయి ఐదొందలేళ్లయింది!"

మా అమ్మ నీరసంగా లేచింది. "మరి నా ఉపవాసాలు?"

"పనిచేశాయిగా వదినా!"