సుజాతక్క గరికకి నేను చేసింది

ఈ మాట గొంతు దాకా వచ్చి ఎన్నిసార్లు వెనక్కి పోయిందో నాకే తెలీదు. బియ్యం ఏరుతున్నప్పుడు వచ్చింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు వచ్చింది. మా ఆయన ఆస్పత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నప్పుడు మరీ పైకి వచ్చింది. అప్పుడూ మింగేశాను. మీరెవరో నాకు తెలీదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళ ముఖం చూస్తూ ఇది చెప్పడం ఇన్నేళ్ళూ నావల్ల కాలేదు.

వింటే చిన్నదే అనిపిస్తుంది. గడ్డి. మా ఇంటి ముందున్న గడ్డిని నేను చంపాను. గడ్డిని చంపితే పాపమేమిటి, రైతులు రోజూ చేసేదే కదా అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకుని చాలాకాలం తప్పించుకు తిరిగాను. కానీ నేను చేసింది గడ్డితో ఆగలేదు.

మాది పాతపట్నం దగ్గర పల్లెటూరు. వరీ మినుమూ పండించే ఇల్లు. నన్ను విజయనగరంలో ఒక డ్రాయింగ్ మాస్టారికి రెండో పెళ్ళికి ఇచ్చారు. మొదటి భార్య సుజాత జ్వరంతో పోయింది. ఆవిణ్ణి నేను ఫొటోలో తప్ప చూడలేదు, అయినా మనసులో అక్కా అనే అనుకునేదాన్ని. ఆవిడ కూతురు కుసుమకి అప్పుడప్పుడే చదవడం, రాయడం వస్తున్నాయి. నన్ను పిన్నీ అనేది, అదీ అవసరమైతేనే.

మాస్టారు మెత్తని మనిషి. వీధిలో అందరూ పిలిచినట్టే నేనూ ఆయన్ని మాస్టారూ అనే పిలిచేదాన్ని, చివరిదాకా. పప్పులో ఉప్పు మరిచిపోతే మొత్తం తినేసి, చెయ్యి కడుక్కుని వచ్చాక, నేను నొచ్చుకోకుండా చూసి చెప్పేవారు.

ఇంటి ముందు లాను ఉండేది. సుజాతక్క వేసిన లాను. ఆవిడ పుట్టిల్లు గజపతినగరం వైపు. వాళ్ళ నాన్న పొలం గట్టు మీది గరికని తడి గోనెసంచిలో కట్టుకుని బస్సులో తెచ్చి, కణుపు కణుపూ తుంచి నాటిందట. ఎవరొచ్చినా, సుజాత లాను ఎలా ఉందో అంటూ ముందు అటే చూసేవారు. తర్వాత నాకేసి చూసేవారు.

నేను వచ్చేసరికే అది ముసలిదైపోయింది. మామిడిచెట్టు నీడ పడిన వైపు బట్టతలలా నేల కనిపించేది. మిగతా చోట తుంగ. కింద మట్టి గచ్చులా గట్టిపడిపోయి, నీళ్ళు పెడితే ఇంకక నిలబడిపోయేవి. మాస్టారు ఆదివారం వస్తే గొంతుక్కూర్చుని తుంగ పీకేవారు. సాయంత్రాలు గొట్టంతో నీళ్ళు పెడుతూ తనలో తను ఏదో అనుకునేవారు. ఆవిడతోనే మాట్లాడుతున్నారని నేను వంటింటి కిటికీలోంచి చూసి కుమిలిపోయేదాన్ని. చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి అడిగాను. మర్నాడు పిల్లలకి చెప్పాల్సిన పాఠం వల్లెవేసుకునేవారట.

ఆ వేసవిలో నేను వడియాలు పెట్టాను. ఎండ బాగా పడేది లాను మీదే. మంచం అక్కడ వేసి, చీర పరిచి, గుమ్మడి వడియాలు పెట్టి లోపలికి వెళ్ళాను. వచ్చి చూస్తే కుసుమ మంచాన్ని వీధి గుమ్మం దాకా ఈడ్చేసింది. వడియాలన్నీ మట్టిలో. "ఇది మా అమ్మది. నువ్విక్కడ ఏటీ ఎట్టకు" అంది. పిల్లని నేనేమీ అనలేదు. సాయంత్రం మాస్టారు విని, డాబా మీద ఆరబెట్టుకోమని మెల్లగా చెప్పారు. ఆయన కసురుకుని ఉంటే ఏడ్చేసి ఊరుకునేదాన్నేమో. ఆ మెల్లగా చెప్పడమే నన్ను కాల్చింది. ఈ ఇంట్లో నా మంచానికి చోటు లేదు, చచ్చిపోయినావిడ గడ్డికి ఉంది. ఇదే నా లోపల తిరిగింది. తిప్పుకున్నాను. ఎవరూ చెప్పలేదు నన్ను అలా అనుకోమని.

వానలు వెళ్ళాక పుట్టింటికి వెళ్ళినప్పుడు మా నాన్న గట్లకి కొట్టే గడ్డిమందు, సీసా అడుగున మిగిలింది, చీర మడతల్లో పెట్టుకుని తెచ్చాను.

మధ్యాహ్నం. ఆయన బళ్ళో, పిల్ల బళ్ళో. మొక్కలకి నీళ్ళు పోసే డబ్బాలో కలిపాను. గాలి లేని రోజు చూసుకున్నాను. మబ్బు లేదని చూసుకున్నాను. తడిసిన చోట కాలు పడకుండా వెనక్కి వెనక్కి నడుస్తూ, ఒక్క మూల కూడా వదలకుండా పోశాను. పొలంలో నాన్న చేస్తుంటే చూసి నేర్చుకున్న పని. అంత శ్రద్ధగా ఆ ఇంట్లో నేను అన్నం కూడా వండలేదు.

ఆ మందు పని వెంటనే కనిపించదు. కొన్నాళ్ళు గడ్డి పచ్చగానే ఉంటుంది, ఏమీ జరగనట్టు. ఆ రోజుల్లో చెప్పేయొచ్చు కదా? ఒక పొద్దున్న భయమేసి గొట్టం పెట్టి లానంతా తడిపాను, కడుక్కుపోతుందేమోనని. అప్పటికే అది వేళ్ళలోకి దిగిపోయి ఉంటుందని నాకు తెలుసు. తెలిసీ తడిపాను. ముందు కొసలు పసుపురంగు తిరిగాయి, తర్వాత మొత్తం ఎండుగడ్డి రంగులోకి వచ్చేసింది. గరిక మొండిది, అక్కడక్కడా మళ్ళీ మొలకెత్తింది. సీసాలో ఇంకొంచెం ఉంది. అదీ పోశాను.

మొదటిది కోపం అనుకోండి. రెండోసారి పోసినదానికి ఏ పేరు పెట్టాలి? ఇప్పటికీ తెలీదు నాకు.

సరిగ్గా నేను మందు పోసిన ఆ రోజుల్లోనే మాస్టారు లాన్ని బతికించుకుందామని యూరియా చల్లారు. నేను చూశాను చల్లడం. చూసి ఊరుకున్నాను. గడ్డి మొత్తం పోయాక ఒక సాయంత్రం ఆయన దాని మధ్యలో కూర్చుని ఉన్నారు. నేను టీ పట్టుకెళ్ళాను.

"యూరియా ఎక్కువైపోనాది" అన్నారు తలెత్తకుండా.

"ఎంత ఏసారేటి?" అన్నాను. అన్నీ తెలిసి అడిగాను.

"పిడికిలితో జల్లీసేను. ఎంతో తెల్దు. ముసిలి గడ్డి కదా, కొంచెం బలమిద్దామనుకున్నాను. కాల్సీసేను."

"నీళ్ళెడితే తేరుకుంటాదేమో."

"లేదులే. ఏరు దాకా పోనాది." ఒక గుప్పెడు పీకి చూపించారు. "సుజాత నన్ను ఎరువు ముట్టుకోనిచ్చేది కాదు. మీ సెయ్యి బరువు మాస్టారూ అనేది. నిజమే అన్నాది."

ఆ క్షణాన నోట్లో ఒక్క మాట ఉంది. నేనే. అంతే, ఆ ఒక్క మాట. నేను అన్నది ఏమిటో తెలుసా? "టీ సల్లారిపోతంది" అన్నాను.

పిల్లకి ఆయనే చెప్పుకున్నారు, నేనే అమ్మ గడ్డిని కాల్చేశాను తల్లీ అని. కుసుమ ఆయనతో మాట్లాడడం మానేసింది. అన్నం తినేటప్పుడు గోడవైపు తిరిగి కూర్చునేది. రోజూ ఆయన సైకిలు మీదే బడికెళ్ళే పిల్ల, ఇక సైకిలెక్కనంది. అది సంచీ తగిలించుకుని ముందు నడిచేది. ఆయన సైకిలు ఎక్కకుండా, చేత్తో నడిపించుకుంటూ వెనకాల వెళ్ళేవారు. రోజూ గుమ్మంలో నిలబడి వాళ్ళిద్దర్నీ మలుపు తిరిగేదాకా చూసేదాన్ని. నేను చేసింది నడిచి వెళ్తుంటే చూసినట్టుండేది.

అది భరించలేకపోయాను. నిజం చెప్పి ఉంటే సరిపోయేది. నేను ఇంకో అబద్ధం వెతుక్కున్నాను. పుట్టింటికి వెళ్ళి మా గట్టు మీది గరిక పిలకలు సంచీడు తెచ్చి పెరట్లో నీడన తడిగుడ్డ కింద దాచాను. ఒకటి మాత్రం ఇంటి ముందు కుళాయి పక్కన, చచ్చిన గడ్డి మధ్యలో పాతాను. కాస్త చిగురు వేశాక కుసుమని పిలిచి చూపించాను, మీ అమ్మది ఒకటి బతికే ఉందని. ఆ పిల్ల మోకాళ్ళ మీద కూలబడి దాన్ని వేలితో తాకింది. తర్వాత లేచి ఇంట్లోకి పరిగెత్తింది. నాన్నా నాన్నా అని అరుస్తూ. అన్నాళ్ళ తర్వాత ఆయన్ని పిలవడం అదే మొదలు.

ఆ శీతాకాలం ముగ్గురం లాను మళ్ళీ వేశాం. పాత గడ్డి చెక్కి తీసేశాం. గునపంతో నేల పెళ్ళగించి, రాళ్ళు ఏరి, ఇసకా మాగిన పేడా కలిపి, బల్లచెక్కతో చదును చేశాం. కుళాయి దగ్గర మొక్క నుంచే పెరట్లో పిలకలు పెంచానని చెప్పి నేను మా పాతపట్నం గరిక తెచ్చి ఇచ్చాను. ఒక్క మొక్కకి ఇంత గరిక ఎలా వచ్చిందని మాస్టారు అడగలేదు. నమ్మారో, నమ్మాలనుకున్నారో. మట్టి పనీ నీళ్ళ పనీ చేశారు గానీ ఎరువు తట్ట మాత్రం నా వైపు జరిపేసేవారు. "నువ్వే ఎయ్యి. నా సెయ్యి మంచిది కాదు." ఆ తర్వాత కుండీలో మొక్కకి కూడా ఆయన ఎరువు వెయ్యలేదు. బళ్ళో మొక్కలు నాటే రోజున కూడా తన మొక్కని ఇంకో మాస్టారి చేతికి ఇచ్చేసేవారట.

మోచేతుల దాకా బురదతో కుసుమ ఒకచోట ఆగి, తల ఎత్తకుండానే అంది. "అమ్మా, ఇక్కడ ఖాళీ ఉన్నాది. ఇంకో పిలక ఇయ్యి."

ఏమన్నదో దానికి తెలీదు. నేను పిలక ఇచ్చాను. ఆ రోజు నుంచి నేను దానికి అమ్మనే. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఎంత భయపడ్డానో కూడా. నిజం చెబితే ఆ పిలుపు పోతుంది. అందుకే ఆయన భారం ఆయన దగ్గరే ఉండనిచ్చాను. పిల్ల కోసం అని సర్దిచెప్పుకున్నాను. పిల్ల కోసమా? నా కోసమే.

లాన్ని మాత్రం కంటికి రెప్పలా చూశాను. ఏటా తొలకరికి ముందు ఎండిన పీచంతా గీకి తీసేదాన్ని. నేల బిగిసిన చోట గునపంతో గుచ్చి, ఆ కన్నాల్లో ఇసక నింపేదాన్ని. తుంగ కనిపిస్తే గడ్డ దాకా తవ్వి తీసేదాన్ని. చూసినవాళ్ళు సవతి గడ్డిని ఇంత ప్రేమగా చూస్తోందని మెచ్చుకునేవారు. తల వంచుకుని పని చేసుకునేదాన్ని.

మాస్టారు పోయారు, గుండెనొప్పితో. కుసుమ ఇప్పుడు శ్రీకాకుళంలో టీచరు. కళింగపట్నం రోడ్డులో చిన్న ఇల్లు కట్టుకుంది. ఈ వానాకాలం ఇంటి ముందు వేసుకుంటానని అమ్మ గరిక పట్టుకెళ్ళడానికి వచ్చింది. ఇద్దరం పొద్దున్నే పారతో పలకలు పలకలుగా కోసి సంచుల్లో పేరుస్తున్నాం. ఉన్నట్టుండి కుసుమ, నాన్నతో తను మాట్లాడకుండా ఉన్న రోజులు తలుచుకుంది. ఆయన సైకిలు నడిపించుకుంటూ వెనకాల రావడం ఇప్పటికీ కలలోకి వస్తుందట. పాపం, ఆయన ఎరువేసింది ప్రేమతోనే కదమ్మా, నేనెంత రాక్షసిని, అంది.

నా బిడ్డ. నా నేరానికి తను ఏడుస్తోంది. ఇంక నోరు ఆగలేదు. మొత్తం చెప్పేశాను. వడియాల దగ్గర్నుంచి ఇప్పుడు తను కోస్తున్నది ఎవరి గట్టు గరికో అక్కడిదాకా.

కుసుమ పార ఆపింది. తర్వాత ఒక్కటే అడిగింది.

"నాన్నకి తెలుసా?"

"తెల్దు."

పార కింద పెట్టింది. కుళాయి దగ్గర చేతులూ కాళ్ళూ కడుక్కుంది. సంచులు అక్కడే వదిలేసి మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయింది. అన్నం తినమన్నాను. తలుపు దగ్గర ఆగింది గానీ వెనక్కి చూడలేదు. చేరానని సాయంత్రం ఫోనులో ఒక్క ముక్క మెసేజి పెట్టింది. ఆ ముక్కలో అమ్మా అన్న పిలుపు లేదు. అయినా పెట్టింది. అందులో ఏముందో వెతకడానికి నాకు హక్కు లేదు.

కోసిన పలకలు వాడిపోతాయని మళ్ళీ వాటి గోతుల్లోనే సర్ది నీళ్ళు పోశాను. పని ఉంటే చేతులకి బాగుంటుంది.

ఆయనకి ఎందుకు చెప్పలేకపోయానో ఇప్పుడు తెలుస్తోంది. తిడతారని కాదు. తిట్టరని. విని, కాసేపు నేలకేసి చూసి, పోన్లే అని నా భుజం తట్టి ఉండేవారు. ఆ క్షమ నాకు బరువవుతుందని, ఆయన బరువు దించకుండా ఉంచేశాను. ఇంతకంటే స్వార్థం ఉంటుందా? ఉంటే నాకు తెలీదు.

మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు. అది మీ దగ్గర లేదు, ఉన్నవాళ్ళలో ఒకరు పోయారు, ఇంకొకరిని అడిగే ముఖం నాకు లేదు. రేపు ఫోను మోగుతుందో లేదో తెలీదు. లోపల ఉన్నన్నాళ్ళూ ఇది కొండంత మాటలా ఉండేది. బయటికి వచ్చాక చూస్తే ఇంతే. పోసింది నేను. మోసింది ఆయన. ఇది చెప్పాక, గుండెల మీంచి ఎవరో చెయ్యి తీసినట్టు, ఊపిరి కాస్త కిందిదాకా పోతోంది.